చిన్న పరిశ్రమల కోసం జీవీఎంసీ బడ్జెట్‌లో పద్దు: ఏం అడగాలి, ఎలా అడగాలి

మీరు విశాఖ ఆటోనగర్‌లో చిన్న మెషినింగ్ యూనిట్ నడుపుతున్నారు. పెద్ద ప్లాంట్ల ఆర్డర్ల మీదే ఆధారపడే రోజులు పోయాయి. మీలాంటి వాళ్లు కొంతమంది కలిసి, చిన్న తయారీ యూనిట్లకు అండగా ఉండే ఒక ప్రోగ్రాం కోసం గ్రేటర్ విశాఖపట్నం నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బడ్జెట్‌లో డబ్బు పెట్టించాలనుకుంటున్నారు. కార్పొరేషన్‌కి అలా ఇచ్చే అధికారం ఉందా, ఉంటే ఎవరిని ఎప్పుడు అడగాలి అన్నది మీ ప్రశ్న. అమెరికాలో కొన్ని నగరాలు ఇస్తున్నాయని మీ బావమరిది చెప్పారని కూడా రాశారు.

నేను గాజువాకలో చాలా ఏళ్లు ఫ్యాబ్రికేషన్, మెషినింగ్ పని చేశాను. అసోసియేషన్ పనుల మీద జిల్లా పరిశ్రమల కేంద్రానికి, పారిశ్రామిక వాడలు వేసే రాష్ట్ర సంస్థ ఏపీఐఐసీకి, కార్పొరేషన్‌కి తిరిగాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

యూనిట్‌కి ఇంత చొప్పున నగదు ఇవ్వమంటే కార్పొరేషన్ ఇవ్వదు. కమిషనర్‌కి మనసున్నా ఇవ్వలేరు. ప్రజల పన్ను డబ్బు ప్రైవేటు వ్యాపారి ఖాతాలోకి వెళ్తే స్టేట్ ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాస్తారు. ఆ అభ్యంతరం ఫైలు మీద సంతకం పెట్టిన అధికారిని రిటైరయ్యాక కూడా వదలదు. అదే, పది మందికీ ఉపయోగపడే ఒక ప్రోగ్రాంకి, దాన్ని నడిపే సంస్థకి, లెక్క చెప్పే షరతు మీద ఇవ్వమంటే దారి ఉంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. అందులో మూడోది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. 1992లో 74వ సవరణతో వచ్చిందది. రోడ్లు, నీళ్లు, చెత్త మాత్రమే కార్పొరేషన్ పని అని ఎవరైనా అంటే ఈ మూడో అంశం చూపించండి. మీ అర్జీలో మొదటి పేరా ఇదే కావాలి.

ఇక డబ్బు ఎక్కడుంది అన్న సంగతి. జీవీఎంసీ పెద్ద కార్పొరేషనే కానీ, అందులో చాలా డబ్బుకి ముందే ముడి పడి ఉంటుంది. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు ఇచ్చిన గ్రాంటు గాలి నాణ్యతకి, తాగునీటికి, చెత్త నిర్వహణకి తప్ప వేరేదానికి వాడకూడదు. స్మార్ట్ సిటీ మిషన్‌లో మన నగరం 2016 జనవరిలో మొదటి ఇరవైలోనే ఎంపికైంది, కానీ ఆ మిషన్ 2025 మార్చితో ముగిసింది. మీరు అడగాల్సింది కార్పొరేషన్ సొంత రాబడి నుంచి, అంటే ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సులు, అద్దెలు, ప్లాన్ ఫీజులు వచ్చే సాధారణ నిధి నుంచి. దాని కోసం 98 వార్డుల కార్పొరేటర్లూ పోటీ పడతారు. మీరు కోట్లు అడిగితే మొదటి చూపులోనే పక్కన పడుతుంది. లక్షల్లో అడగండి.

ఇక్కడ ఆటోనగర్ వాళ్లకి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. ఏపీఐఐసీ పారిశ్రామిక వాడల్లో చాలా చోట్ల స్థానిక సంస్థ అధికారాలు ఐలా, అంటే ఆ పారిశ్రామిక వాడకే ఉండే స్థానిక అథారిటీ చేతిలో ఉంటాయి. ఆస్తి పన్ను అదే వసూలు చేసుకుని, ఎక్కువ భాగం వాడలోని రోడ్లకి, లైట్లకి ఉంచుకుని, కొంత వాటా కార్పొరేషన్‌కి జమ చేస్తుంది. మీరు జీవీఎంసీకి అర్జీ పెట్టగానే అక్కడి గుమాస్తా అడిగే మొదటి మాట ‘మీ పన్ను మాకెక్కడొస్తోందండీ?’ అని. దానికి జవాబు చేతిలో ఉంచుకుని వెళ్లండి. మీలో ప్రతి ఒక్కరూ గత మూడేళ్ల పన్ను రసీదులు తీయండి, ఎవరి పేరుతో కట్టారో చూడండి. కార్పొరేషన్‌కి జమ అయిన వాటా ఎంతో సమాచార హక్కు చట్టం కింద అడిగి రాయించుకోండి. మర్రిపాలెం, కంచరపాలెం వైపు షెడ్లున్న వాళ్లు మీతో కలిస్తే ఇంకా మంచిది, వాళ్ల రసీదులు కూడా పక్కన పెట్టొచ్చు. ‘మేమింత కడుతున్నాం, అందులో ఇంత మా పనికి తిప్పండి’ అన్న మాటకి ఉన్న బరువు ‘మమ్మల్ని ఆదుకోండి’ అన్న మాటకి రాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఏం అడగాలి?

దాదాపు ప్రతి అసోసియేషనూ మొదట అడిగేది ఒక బిల్డింగు, అందులో పెద్ద మెషీన్లు. నేను దీనికి గట్టిగా అడ్డు చెప్తాను. అందరూ కలిసి వాడుకునే కామన్ ఫెసిలిటీ సెంటర్ పేరుతో కట్టి, మంచి మెషీన్లు దించి, రిబ్బన్ కోసి, ఆ తర్వాత తాళం పడిన సెంటర్‌ని నేను కళ్లారా చూశాను. మెషీన్ మీద వేసిన ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. తప్పు మెషీన్‌ది కాదు. దాన్ని నడిపే ఆపరేటర్‌కి జీతం ఎవరివ్వాలో, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, ఉదయం తలుపు ఎవరు తీయాలో ఏ కాగితం మీదా రాయలేదు. గ్రాంట్లు కొనడానికి వస్తాయి, నడపడానికి రావు. నడపడానికి డబ్బిచ్చేవాళ్లు మనకి లేరు. నగరపాలక సంస్థ నిజంగా ఉపయోగపడగలిగే చోటు అదే.

కాబట్టి మీరు అడగాల్సింది మనుషుల కోసం. ఒక కోఆర్డినేటరు, షాపు షాపుకీ తిరిగే ఇద్దరు ఇంజనీర్లు. ఈ పనికి కొత్తగా పాసైన పిల్లలు సరిపోరు. స్టీల్ ప్లాంట్‌లోనో, షిప్‌యార్డ్‌లోనో, డాక్‌యార్డ్‌లోనో క్వాలిటీ వైపు, పర్చేజ్ వైపు పనిచేసి రిటైరైన వాళ్లు మన ఊళ్లో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండరు. వాళ్లలో చాలామందికి పని చేసే ఓపిక, తెలిసింది పంచే మనసు రెండూ ఉన్నాయి.

అలాంటి మనిషి ఏం చేస్తాడో ఒక్క ఉదాహరణ చెప్తాను. మా పక్క షాపు నుంచి ఒకసారి షాఫ్టుల లాటు వెళ్లింది. బేరింగ్ కూర్చునే చోట టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, 20 మైక్రాన్లు. టర్నర్ చేయి తిరిగినవాడు, ఒక్క ముక్క కూడా కొలత తప్పలేదు. లాటు మాత్రం వెనక్కొచ్చింది. కారణాలు రెండు. కొలిచిన మైక్రోమీటర్ సరిగ్గా చూపిస్తోందని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు దాటిపోయింది. రెండోది, ఆ ఉక్కు ఏ పోతలోదో చెప్పే హీట్ నంబరు రాడ్డు చివర పంచ్ చేసి ఉంటుంది, అది ముక్కలు కోసేటప్పుడు ఆ చివరి ముక్కతో పాటే పోయింది, మిగతా ముక్కల మీదకి ఎక్కించలేదు. దాంతో ఇదే ఆ మెటీరియల్ అని రుజువు లేదు. కాలిబ్రేషన్‌కి పరికరానికి కొన్ని వందల రూపాయలే. నంబరు పంచ్ చేయడానికి రెండు నిమిషాలు. ఆ రెండూ తెలియకపోవడం వల్ల మూడు నెలల పని, మెటీరియల్ ఖర్చు, అన్నిటికీ మించి కొనేవాళ్ల దగ్గర ఆ షాపుకున్న వెండర్ రేటింగు పోయింది. నెలకోసారి షాపుకి వచ్చి, టేబుల్ మీద కాగితాలు, గోడకి తగిలించిన గేజీలు చూసి వెళ్లే మనిషి ఒక్కడుంటే ఆ లాటు పాసయ్యేది.

టెండర్ల సంగతి కూడా అంతే. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానులవి, 3 శాతం మహిళలవి. చిన్న యూనిట్లు కేంద్రం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే టెండర్ ఫీజు లేదు, టెండర్‌తో పాటు కట్టే డిపాజిట్ (ఈఎండీ) మినహాయింపు ఉంది. మీ రేటు అతి తక్కువ కోట్ చేసినవాడి కంటే 15 శాతం లోపల ఎక్కువున్నా, ఆ తక్కువ రేటుకి దిగి వస్తానంటే ఆర్డర్‌లో కొంత భాగం ఇవ్వాలి. హెచ్‌పీసీఎల్, షిప్‌యార్డ్, బీహెచ్ఈఎల్, స్టీల్ ప్లాంట్ అన్నీ ఈ పాలసీ కిందికే వస్తాయి. ఇన్ని పెద్ద కేంద్ర సంస్థలు మన గడప దగ్గరే ఉన్నాయి కదా, అయినా ఈ 15 శాతం నిబంధనని ఒక్కసారి కూడా వాడుకోని యూనిట్లు మన బ్లాకుల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. రోజంతా లేత్ దగ్గర నిలబడే మనిషి రాత్రి ఇంటికెళ్లి నలభై పేజీల టెండర్ డాక్యుమెంట్ చదవలేడు. చదివి, ‘బాబూ, ఇది నీకు సరిపోతుంది, ఈ మూడు కాగితాలు తయారుచేయి’ అని చెప్పేవాళ్లు కావాలి.

రాని బాకీల గురించి కూడా ఇదే మనిషి సాయపడతాడు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల 2006 చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. దీనికోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ ‘ఫిర్యాదు పెడితే మళ్లీ ఆర్డర్ ఇవ్వరేమో’ అన్న భయంతో ఎవరూ పెట్టరు. ఒక్కడు పెడితే భయమే. ప్రోగ్రాం తరఫున, అందరి బాకీల జాబితాతో ఒక ఉత్తరం వెళ్తే ఆ టెన్షన్ ఒక్కడి నెత్తిన పడదు.

లెక్క వేసి చూపిస్తాను. ఇది నా అంచనా మాత్రమే, మీరు మార్చుకోండి. కోఆర్డినేటర్‌కి నెలకి 60 వేలు, ఇద్దరు ఇంజనీర్లకి 45 వేల చొప్పున, ఏడాదికి 18 లక్షలు. కాలిబ్రేషన్, టెస్టింగ్ ఫీజుల్లో సగం భరించడానికి 6 లక్షలు. శిక్షణకి 4 లక్షలు. తిరుగుడు, ఆఫీసు ఖర్చులు 2 లక్షలు. మొత్తం 30 లక్షలు. ఆఫీసు గదికి అద్దె వేయలేదు, ఎందుకంటే ఖాళీగా ఉన్న కార్పొరేషన్ గది ఒకటి ఇవ్వమని అడుగుతాం. కార్పొరేషన్ బడ్జెట్‌లో ఇది ఒక ఓ మోస్తరు సీసీ రోడ్డు, డ్రైను పనికి పెట్టే డబ్బు. అలా చెప్తే కార్పొరేటర్లకి వెంటనే అర్థమవుతుంది.

టెస్టింగ్ ఫీజుల్లో సగమే ఎందుకన్నానంటే, మొత్తం ఉచితమైతే అవసరం లేనివాళ్లు కూడా వస్తారు, అవసరమున్నవాళ్లు వెనక నిలబడాల్సి వస్తుంది. యూనిట్ కూడా జేబులోంచి కొంత పెట్టాలి. దీని మీద మీ సభ్యుల్లోనే గొడవ వస్తుంది. రానివ్వండి, కానీ ఈ మాట వదలకండి.

మరి మెషీన్లు వద్దా అంటే, వద్దనడం లేదు. వాటికి కేంద్రం దగ్గర వేరే సంచి ఉంది. క్లస్టర్ అభివృద్ధి పథకం 2022 మార్గదర్శకాల్లో, 5 నుంచి 10 కోట్ల కామన్ ఫెసిలిటీ సెంటర్‌కి కేంద్రం వాటా 70 శాతం, 10 నుంచి 30 కోట్ల దానికి 60 శాతం. ఉదాహరణకి 8 కోట్ల ప్రాజెక్టు అనుకోండి, కేంద్రం నుంచి 5 కోట్ల 60 లక్షలు వస్తాయి. మిగతా 2 కోట్ల 40 లక్షలు రాష్ట్రం, మీరు ఏర్పాటు చేసే సంస్థ కలిసి చూసుకోవాలి. స్థలం చూపించడం, వివరమైన ప్రాజెక్టు రిపోర్టు రాయడం, వందమంది యజమానుల్ని ఒక సంస్థగా నిలబెట్టడం, ఈ మూడింటి దగ్గరే చాలా ప్రతిపాదనలు ఆగిపోతాయి. మొదటి ఏడాది మీ కోఆర్డినేటర్ చేయాల్సిన పెద్ద పని ఇదే. నగరం పెట్టిన 30 లక్షలు కోట్లని లాక్కొస్తాయని కమిషనర్‌కి చెప్పగలిగేది కూడా ఈ లెక్కతోనే. అర్జీ పెట్టే నాటికి ఏ మార్గదర్శకాలు అమల్లో ఉన్నాయో ఆటోనగర్‌లోని ఎంఎస్ఎంఈ డెవలప్‌మెంట్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. అలాగే పూడి దగ్గర ఎంఎస్ఎంఈ టెక్నాలజీ సెంటర్ ఉంది కదా, అక్కడున్న మెషీన్లనే మళ్లీ కొనమని అడగకండి. అక్కడికి మన పని పంపించడానికి ఒక ఒప్పందం రాయించుకోవడం ఇంకా తేలిక.

పైసా ఖర్చు లేకుండా కార్పొరేషన్ చేయగలిగింది ఇంకొకటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. కార్పొరేషన్ స్వయంగా పెద్ద కొనుగోలుదారు. మ్యాన్‌హోల్ మూతలు, డ్రైన్ గ్రేటింగులు, లైటు స్తంభాల బ్రాకెట్లు, చెత్త బళ్ల రిపేర్లు, పార్కుల్లో బెంచీలు, పంపుహౌస్ షాఫ్టులు. వీటన్నిటినీ ఒకే పెద్ద టెండరుగా కట్టేస్తే చిన్న యూనిట్ దగ్గరికి కూడా రాలేదు. జోన్లవారీగా చిన్న చిన్న ప్యాకేజీలుగా విడగొట్టమని, ఏడాదికి ఏమేం కొంటారో ముందే జాబితా వేయమని అడగండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఇంజనీరింగ్ విభాగం ఒప్పుకుంటే చాలు. మీ 30 లక్షల కంటే ఇదే ఎక్కువ పని తెచ్చిపెట్టొచ్చని నా నమ్మకం.

అడిగే దారి చెప్తాను. బడ్జెట్ కమిషనర్ దగ్గర తయారై, స్టాండింగ్ కమిటీ చూసి, కౌన్సిల్‌కి వెళ్తుంది. ఫిబ్రవరిలో వెళ్లి అడిగితే అప్పటికే అంకెలు సర్దేసి ఉంటారు. దసరా అయిన వెంటనే మొదలుపెట్టి, డిసెంబర్ లోపల మీ కాగితం లోపలికి వెళ్లిపోవాలి. కౌన్సిల్ లేని కాలమైతే ప్రత్యేకాధికారే నిర్ణయిస్తారు. 2012 నుంచి 2021 దాకా మన నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు కదా, కాబట్టి ఒక్క పార్టీ నాయకుడినో, ఒక్క కార్పొరేటర్‌నో నమ్ముకుని వెళ్లకండి. ఫైలు ఆఫీసులో బలంగా ఉండాలి.

బలం ఎలా వస్తుందంటే, కార్పొరేషన్‌కి వెళ్లే ముందే జిల్లా పరిశ్రమల, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీలో విషయం పెట్టించండి. కలెక్టర్ అధ్యక్షతన జరుగుతుంది, పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ అజెండా చూస్తారు. ‘జీవీఎంసీ ఈ ప్రతిపాదనను పరిశీలించాలి’ అన్న ఒక్క వాక్యం మినిట్స్‌లో పడితే, కింది సెక్షన్‌లో ఎవరూ ‘ఇది మా పని కాదు’ అని తిప్పి పంపలేరు. నీతి ఆయోగ్ గ్రోత్ హబ్‌గా, అంటే ఆర్థికాభివృద్ధి కేంద్రంగా, ఎంపిక చేసిన మొదటి నాలుగు నగరాల్లో ముంబై, సూరత్, వారణాసితో పాటు విశాఖ ఉంది. అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి. ఊరి ఆర్థిక ప్రణాళికలో డేటా సెంటర్లకి, పెద్ద స్టీలు ఫ్యాక్టరీలకి చోటున్నప్పుడు, వాటికి విడిభాగాలు చేసిపెట్టే షాపులకి ఎందుకుండదు? 2024లో స్టీల్ ప్లాంట్ ఫర్నేసులు ఆగినప్పుడు మన బ్లాకుల్లో లేత్‌లు ఎలా మూగబోయాయో ఊరంతా చూసింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, సంతోషమే. కానీ అది ప్లాంట్‌కి వచ్చింది, దాని చుట్టూ బతికే షాపులకి కాదు.

మీ బావమరిది చెప్పింది నిజమే. న్యూయార్క్‌లో ఇండస్ట్రియల్ బిజినెస్ జోన్లని ఉన్నాయి. అక్కడా నగరం నేరుగా యూనిట్లకి చెక్కులు పంచదు. స్థానిక లాభాపేక్ష లేని సంస్థలతో కాంట్రాక్టు చేసుకుంటుంది, ఆ సంస్థలు షాపులకి వెళ్లి లోన్లు, పర్మిట్లు, పనివాళ్ల విషయంలో సాయపడతాయి. మనకి పనికొచ్చే పాఠం ఆ కాంట్రాక్టే. డబ్బు తీసుకునే సంస్థ ఏడాదిలో ఎన్ని షాపులకి వెళ్లాలి, ఎన్ని టెండర్లు వేయించాలి, ఎన్ని యూనిట్లకి జెడ్ సర్టిఫికెట్ (చిన్న యూనిట్ల నాణ్యతకి కేంద్రం ఇచ్చే గుర్తింపు) తెప్పించాలి అని ముందే రాసుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఫీజులో సూక్ష్మ యూనిట్లకి 80 శాతం, చిన్నవాటికి 60 శాతం కేంద్రమే భరిస్తుంది, కాబట్టి లక్ష్యం కష్టమేమీ కాదు. డబ్బు రెండు విడతలుగా ఇవ్వమనండి. మొదటి విడత వినియోగ ధ్రువపత్రం ఇచ్చాకే రెండోది. మీ అంతట మీరే ఈ షరతు పెడితే ఆఫీసులో మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది.

సంస్థ ఎవరిదన్నది ముఖ్యం. అసోసియేషన్ ఖాతాలోకే డబ్బు తీసుకోవద్దని నా సలహా. అసోసియేషన్‌కి ఎన్నికలుంటాయి, వర్గాలుంటాయి. వేరే సొసైటీ రిజిస్టర్ చేసి, పాలకమండలిలో కార్పొరేషన్ నుంచి ఒకరు, పరిశ్రమల కేంద్రం నుంచి ఒకరు, కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్ నుంచి ఒకరు, మిగతా యూనిట్ల యజమానులు ఉండేలా చూడండి. ఆ యజమానుల్లో కనీసం ఇద్దరైనా, అయిదుగురి లోపే పనివాళ్లున్న చిన్న షాపుల వాళ్లు కావాలి. లేకపోతే ప్రోగ్రాం మొత్తం పెద్ద షెడ్ల చుట్టూనే తిరుగుతుంది.

అచ్యుతాపురం, పరవాడ వైపు యూనిట్లున్న మీ మిత్రులకి ఒక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అవి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. వాళ్ల అర్జీ అక్కడి కలెక్టర్ దగ్గరికి, అక్కడి పరిశ్రమల కేంద్రానికి వెళ్లాలి. ఒకే కాగితం మీద అందరి సంతకాలూ పెట్టి జీవీఎంసీకి ఇస్తే, పరిధి కాదన్న ఒక్క మాటతో మొత్తం ఫైలు ఆగిపోతుంది.

ఒకవేళ బడ్జెట్‌లో మీ పద్దు పడినా అక్కడితో ఆగకండి. బడ్జెట్ పుస్తకంలో అంకె పడడం ఒకటి, డబ్బు విడుదల కావడం ఇంకొకటి. కిందటి ఏడాది అసలు ఖర్చు ఎంత అన్న కాలమ్ తీసి చూడండి, కేటాయించి ఒక్క రూపాయి ఖర్చు పెట్టని పద్దులు చాలా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లోనే ఒప్పందం మీద సంతకాలు చేయించుకుని, మొదటి విడత కోసం అకౌంట్స్ విభాగం చుట్టూ తిరగడానికి ఓపికున్న మనిషిని ఇప్పుడే ఎంచుకోండి. ఈసారికి కాదన్నారంటే, అర్జీ వెనక్కి తీసుకోకుండా, బడ్జెట్ అంకెలు మళ్లీ సరిచేసే సవరించిన అంచనాల సమయంలో మళ్లీ పెట్టమని రాతపూర్వకంగా అడిగి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని రండి.